ఎనభై చాలు, దిగండి!

కరెంటు కారుకి నిండా చార్జింగ్ కావాలనుకోవడం శుద్ధ అత్యాశండీ! హైవే పక్క చార్జింగ్ స్టేషన్‌లో ఎనభై శాతం కాగానే మెషిన్ దానంతటదే ఆగిపోయేలా కొత్త రూలు పెట్టారు. ఆ పుణ్యాత్ములకి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

చివరి ఇరవై శాతం నత్తనడకన ఎక్కుతుందట. దానికోసం ఒకడు అక్కడే తిష్ఠ వేస్తే వెనకవాళ్ళ గతేం కాను? నిజమే కదా!

అసలీ రూలు అన్నిచోట్లా రావాలంటాను. ఐదంతస్తుల మేడలో లిఫ్టు నాలుగో అంతస్తులోనే దింపేస్తే కాళ్ళకెంత వ్యాయామం! సెలూన్‌లో క్రాఫు ఎనభై శాతం కాగానే కుర్చీలోంచి లేపేస్తే బెంచీ మీద రద్దీ ఉంటుందా? పళ్ళ డాక్టరు సంగతి మాత్రం మీరే ఆలోచించుకోండి.

మొన్న మా అత్తగారికి మోకాలి ఆపరేషన్. లోపలికి తీసుకెళ్ళేదాకా చెయ్యి పట్టుకునే ఉంటానని మా ఆవిడ వాళ్ళమ్మకి మాటిచ్చింది. ఆ ఆస్పత్రికి చేరాలంటే తొంభై శాతమైనా కావాలి, దారిలో ఇంకో స్టేషన్ లేదు. మెషిన్ ఎనభై దగ్గర టక్కున ఆగింది.

నేనూరుకుంటానా? తెలివిగా మళ్ళీ వెళ్ళి క్యూ చివర చేరాను. ఎండ మండిపోతోందని ఏసీ వేసుక్కూర్చున్నాం. మా వంతు వచ్చేసరికి డెబ్బై నాలుగు. మెషిన్ ఎంతో ప్రేమగా మళ్ళీ ఎనభై చేసి ఇక దయచెయ్యమంది!

"ఇంకోసారి నిలబడదామా?" అన్నాను.

"మీరు నిలబడండి. నేను బస్సెక్కుతా" అని బ్యాగు తీసుకుని దిగిపోయింది.

పాపం, తను వెళ్ళేసరికి ఆపరేషన్ థియేటర్ తలుపు మూసేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. బయటికొచ్చాక అత్తగారు కూతుర్ని అడిగిన మొదటి మాట, "మీ ఆయనేడే?"

"ఎనభై దగ్గర ఆగిపోయారమ్మా."

నవ్వారట ఇద్దరూ. మూడోసారి క్యూలో ఉన్న నాకు మా ఆవిడే ఫోన్‌లో చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. వెంటనే తమాయించుకుని, ఇంత క్యూ ఎందుకుందా అని కారు దిగి ముందుకెళ్ళి చూశాను.

స్టేషన్‌లో మెషిన్లు నాలుగు. రెండుసార్లు పక్కనే ఆగినా నేను పట్టించుకోలేదు గానీ, మూడింటికి గోనెపట్టాలు చుట్టేసి ఉన్నాయి. వాటిమీద దుమ్ము చూస్తే ఈ మధ్య చుట్టినవిలా లేవు.

"ఇవెప్పుడు బాగవుతాయి?" అని వాచ్‌మన్‌ని అడిగాను.

"క్యూ తగ్గించడానికే కదా సార్, కొత్త రూలు పెట్టారు!" అన్నాడు.

అయ్యా, రూలు పెట్టిన మహానుభావులారా! నాలుగింటిలో ఒకటంటే ఇరవై ఐదు శాతం. మాకు ఎనభై చాలన్నారు, నోరు మూసుకుని ఒప్పుకున్నాం. ముందు మీరు ఆ ఎనభైకి రండి!