మడిలో పారాయణం

ఏకాదశి నాడు మీనాక్షమ్మకు పొయ్యి వెలిగించే పని లేదు. భర్త శ్రీపాదరావు బడికి పోతాడు, కూతురు కృతి కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షకు పోతుంది. ఆదోనిలోని ఆ ఇంటికి మధ్యాహ్నం దాకా ఆమే మహారాణి. స్నానం చేసి, మడిచీర కట్టుకుని, దేవుడి గదిలో కూర్చుని నవల ముగించేయాలి. ఆమె పథకం అంతే.

నవల కృతిది. హాస్టల్లో ఉండే ఓ అమ్మాయి విహాన్ అనే కుర్రాణ్ని ప్రేమిస్తుంది. వాడు ఆమెకు తప్ప ఎవరికీ కనబడడు. వాడు దెయ్యమా, లేక ఆ పిల్లకే మతి చలించిందా? పరీక్షల ముందు ఈ దెయ్యాల ప్రేమలేమిటని కూతుర్ని చెడామడా తిట్టి పుస్తకం లాక్కున్నది మీనాక్షమ్మే. బీరువాలో పెట్టేముందు ఒక్క పేజీ చూద్దామనుకుంది. ఇప్పుడు ఒక్క అధ్యాయమే మిగిలింది. ఈ సంగతి కృతికి తెలిస్తే ఇక జన్మలో ఆ పిల్లను పల్లెత్తు మాట అనే మొహం తనకు ఉండదని ఆమె భయం. అందుకే దేవుడి గదిలో మడిబట్టల మధ్య దాచి, పైన తులసినీళ్లు చల్లి, పుస్తకాన్నీ మడిలో కలిపేసింది.

విహాన్ హాస్టల్ మేడ మీద నిలబడి వీడ్కోలు చెబుతున్నాడు. మీనాక్షమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది. సరిగ్గా అప్పుడే, మరిచిపోయిన ఫోన్ కోసం శ్రీపాదరావు వెనక్కి వచ్చాడు. దేవుడి గదిలో ఏడుపు విని హడలిపోయి, ఏమైందని అడిగాడు.

"మడిలో ఉన్నా, దగ్గరికి రావద్దండీ. కృతి పరీక్షల కోసం వ్రతకథ చదువుతాండాను. మధ్యలో లేవగూడదు."

నోటికొచ్చిన అబద్ధం అది. శ్రీపాదరావు మాత్రం కరిగిపోయాడు. బడికి సెలవు పెట్టి, పక్కింటి శాంతమ్మకు భార్య భక్తిని వర్ణించి వచ్చాడు. శాంతమ్మ నోట పడ్డాక వీధికి తెలియడానికి ఎంతసేపు? కాసేపట్లో గడప అవతల ఆడవాళ్లు అరటిపండ్లతో, కర్పూరంతో బారులు తీరి కూర్చున్నారు. మడి కాబట్టి లోపలికి ఎవరూ అడుగు పెట్టలేదు. అదొక్కటే ఆమె అదృష్టం.

"వదినా, మాకూ ఇనపడేట్టు చదువు. మా పిల్లోనికీ పరీక్షలే," అంది శాంతమ్మ.

మీనాక్షమ్మకు తప్పించుకునే దారి లేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. హాస్టల్ ఆశ్రమమైంది. విహాన్ గంధర్వుడయ్యాడు. పిచ్చాసుపత్రి డాక్టరు మనసు చదివే మహర్షి అయ్యాడు. వాట్సాప్ మెసేజీలను చిలకలు మోసుకుపోయాయి. మేడ మీద ముద్దు దగ్గర నాలుక తడబడి, హడావిడిగా పాణిగ్రహణం జరిపించేసింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. గోడకానుకుని వింటున్న శ్రీపాదరావు క్రమంగా ముందుకు జరిగాడు. ఎందుకో ఆయన మొహంలో రంగులు మారుతున్నాయి.

"ఇంతకీ ఆ గంధర్వుడు బతికినాడా, సచ్చినాడా?" అని అడిగింది శాంతమ్మ.

మీనాక్షమ్మ తలెత్తింది. ఆడవాళ్ల వెనక బ్యాగు భుజానేసుకుని కృతి నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో. మీనాక్షమ్మ పుస్తకాన్ని గబుక్కున కొంగు కింద దాచింది. పరువు పోయిందనుకుంది.

కథ అక్కడ ఆగిపోవడం శ్రీపాదరావు ఓర్చుకోలేకపోయాడు.

"సచ్చింది ఆయప్ప గాదమ్మా, ఆ పిల్లే. మొదట్నుంచీ దెయ్యం ఆ పిల్లే. చివర్న అద్దంలో చూసుకుంటే తెలుస్తాది."

ఆడవాళ్లు గుండెల మీద చేతులు వేసుకున్నారు. కృతి నెమ్మదిగా తండ్రివైపు తిరిగింది.

"నాన్నా, ఈ వ్రతకథ నువ్వెప్పుడు చదివినావు?"

ఆ గదిలోకి మడితో పోయేది ఇంట్లో ఇద్దరే. ఈ వారమంతా ఆయన తెల్లవారుజాము పూజ అంతసేపు ఎందుకు సాగిందో మీనాక్షమ్మకు అప్పుడర్థమైంది. కూతురి ముందు తల దించుకోవాల్సింది తానొక్కతే కాదు. ఆమెకు ఎంతో ఊరట కలగాలి. కలగలేదు.

మడి సంగతి మరిచి, పుస్తకంతో సహా గడప దాటి వచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి.

"నేనింకా ఆ అద్దం దాకా రాలేదండీ," అంది.

మర్నాడు ద్వాదశి. వీధిలో అందరూ పొద్దున్నే పారణ చేసి ఉపవాసం విడిచారు; శ్రీపాదరావు ఉపవాసం మాత్రం సాయంత్రం దాకా సాగింది.