విడాకులకు మంచి రోజు

ఆ మంగళవారం పొద్దున సూచిన్ పెట్టుకున్న పని ఒక్కటే: మధ్యాహ్నంలోగా విడాకులు తీసుకుని, వచ్చి తన కుట్టు దుకాణం తెరవడం. మొగుడు జిన్‌ఫా తైనాన్ నుంచి రైల్లో ఆమె ఉండే చియాయీ ఊరికి వస్తాడు. ఇద్దరూ గృహ నమోదు కార్యాలయానికి వెళ్లి, ఇద్దరు సాక్షుల సంతకాలతో కాగితం ఇస్తే అయిపోతుంది. ఇంత చిన్న పని మూడేళ్లుగా నానుతోంది. కారణం గొడవలు కావు. జిన్‌ఫాకు పంచాంగంలో రోజు కుదరలేదు.

పెళ్లికి ముహూర్తం చూడనివాళ్లు లోకంలో ఉంటారు గాని, విడాకులకు చూసేవాడు బహుశా ఇతనొక్కడే. ఒక నెల దయ్యాలు భూమ్మీద తిరిగే నెల అన్నాడు. ఇంకో నెల తన జన్మ సంవత్సరానికి పడదన్నాడు. గుళ్లో దేవుడి ముందు జోస్యపు చెక్కలు వేసి అడిగితే దేవుడే వద్దన్నాడట. చివరికి ఈ మంగళవారం సకల కార్యాలకూ మంచిదని తేలింది. ఇది తప్పితే కొత్త సంవత్సరం దాటాకే. కాపురం ఏనాడో పోయినా సూచిన్ గుర్తింపు కార్డు వెనక భర్త పేరు మాత్రం పోలేదు. అది కంటపడినప్పుడల్లా ఆమెకు ఊపిరాడేది కాదు.

సాక్షి సంతకాలకు రమ్మని ముందురోజే పొరుగింటి చియావ్ పిన్నినీ, ఆమె భర్తనూ అడిగింది. ఎందుకో చెప్పడానికి మొహమాటపడింది. సూచిన్‌కు పెళ్లయిందన్న సంగతే ఆ సందులో ఎవరికీ తెలియదు. పిన్ని ఇంటికెళ్లి గోడ క్యాలెండరు చూసింది. వివాహానికి శ్రేష్ఠం అని ఉంది. పెళ్లి నమోదుకు కూడా కావలసింది అదే కార్యాలయం, ఇద్దరు సాక్షులే కనుక పిన్ని ఇక ఆలోచించలేదు. సందంతా కబురు పెట్టింది.

సూచిన్, జిన్‌ఫా స్కూటరు దిగేసరికి కార్యాలయం ముందు సందు సందంతా ఎర్ర బట్టల్లో నిలబడి ఉంది. వార్డు పెద్ద మెడలో వేసుకునే హోదా పట్టీతో సహా వచ్చాడు. ఎవరో టపాకాయల సరం అంటించారు. పిన్ని జిన్‌ఫా చేతిలో పాకంలో వేసిన బియ్యప్పిండి ఉండల గిన్నె పెట్టింది. అతను అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. కానీ మంచిరోజున తీపి కాదనడం అరిష్టం కనుక తిన్నాడు. ఫోటోకు రమ్మంటే, ఆగ్నేయం వైపు తిరిగి తీస్తేనే దిగుతానన్నాడు.

వార్డు పెద్ద పిల్లాపాపలతో వర్ధిల్లమనేసరికి సూచిన్ ఇక ఆగలేకపోయింది.

"పెళ్లి కాదండీ. విడాకులు."

దీవెనలు ఆగిపోయాయి. టపాకాయలు మాత్రం తమ పని పూర్తిచేసుకునే ఆగాయి.

పిన్ని లోపలికొచ్చి వాళ్లిద్దరి మధ్య కుర్చీలో కూలబడింది. "పది గుళ్లు కూల్చినా కూల్చొచ్చు గానీ ఒక కాపురం కూల్చకూడదన్నారు పెద్దలు. నేను సంతకం పెట్టను. ఇంత మెత్తటి మనిషి, పెట్టింది తిన్నాడు. నీకేం లోటు చేశాడే?"

సూచిన్‌కు ఏడుపొచ్చింది. "కొట్టలేదు, తిట్టలేదు పిన్నీ. రోజు బాగుంటే తప్ప ఏదీ చెయ్యలేదు."

అంతలో వాళ్లను నాలుగో కౌంటరుకు పిలిచారు. జిన్‌ఫా లేవలేదు. నాలుగు చావు అంకె అన్నాడు. వెనకవాళ్లను ముందుకు పంపాడు. రెండో కౌంటరు ఖాళీ అయింది గాని, అప్పటికి అతనికి పడని ఘడియ మొదలైంది. ఆ ఘడియ గడిచేదాకా పిన్ని అతని పక్కనే కూర్చుంది. టర్కీ కోడి అన్నం తెప్పిస్తానంటే, ఏ దిక్కు దుకాణం నుంచి అని అడిగాడు. మంచినీళ్లివ్వబోతే ఎడమ చెయ్యి వద్దన్నాడు. ఘడియ గడిచింది. ఈసారి కూడా పిలిచింది నాలుగో కౌంటరుకే. ఇంకాసేపు చూద్దాం అన్నాడు జిన్‌ఫా.

పిన్ని లేచింది.

"కలం ఇలా తే అమ్మాయ్. ఒక్క పూటకే నా ప్రాణం విసిగిపోయింది, ఇన్నేళ్లు ఎలా వేగావే?"

ఆమె సంతకం పెట్టి భర్త చేత కూడా పెట్టించింది. ఇద్దరు చాలని ఉద్యోగిని చెబుతున్నా వినకుండా వార్డు పెద్ద కూడా పెట్టాడు. తర్వాత పిన్ని జిన్‌ఫాను చొక్కా పట్టుకుని తీసుకెళ్లి నాలుగో కౌంటరు ముందు కూర్చోబెట్టింది.

కొత్త గుర్తింపు కార్డు చేతికొచ్చింది. సూచిన్ తిప్పి చూసింది. భర్త పేరు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. ఆమె దాన్ని వేలితో తడిమి, చాలాసేపు కళ్లు తుడుచుకుంది. ఇంత సంతోషం ఆమె పెళ్లినాడు కూడా ఎరగదు.

జిన్‌ఫా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, ఇవాళ తైనాన్ ఉన్న దక్షిణ దిక్కుకు ప్రయాణం మంచిది కాదని, రేపు వెళ్తానని, అంతవరకు తనెక్కడ ఉండాలని అడిగాడు.

సూచిన్ దుకాణం తెరవడానికి వెళ్లి స్కూటరెక్కింది. జవాబు చెప్పవలసిన అవసరం ఇప్పుడు ప్రభుత్వ లెక్కల్లో కూడా లేదు.