హవెల్కా వాళ్ళ మైల

ఆ రోజు స్వరూప పెట్టుకున్న పని చిన్నదే. పైగదిలో అద్దెకుంటున్న తెల్లాయనకు కారం తక్కువ వేసి ఉప్మా పెట్టాలి, తొమ్మిదింటికి హనుమండ్లు ఆటో రాగానే ఎక్కించి జిన్నింగ్ మిల్లుకు పంపాలి. అంతే. ఆ రెండూ సరిగ్గా జరిగితే పదిన్నరకు మిల్లులో కొత్త ప్రెస్సింగ్ మిషను కొబ్బరికాయ కొట్టించుకుని, పత్తిని ఒత్తి బేళ్ళు కట్టడం మొదలుపెడుతుంది. ఆరు నెలలుగా అక్కడ టెంపరరీగా పనిచేస్తున్న బిడ్డ హర్షిణి పర్మనెంటవుతుంది. మిల్లు సేటు ఓంప్రకాశ్ మాట అదే. మిషను నడిస్తే నౌకరి, నడవకపోతే ఇంటికి.

"అవ్వా, నేను పోతున్న," అంటూ హర్షిణి ఆరున్నరకే స్కూటీ బయటికి తీసింది. "సారు తొమ్మిదింటికి కదలాలె. ఆయన లేకుంటే మిషన్ ముట్టుడే వద్దంటుండు సేటు. నువ్వు గిన పొద్దుగాల్నే ఏదో ఒకటి అనుకొని పరేషాన్ గాకు."

"నేనేమనుకుంటనే. గా మిషన్ ఎన్ని టన్నుల జోరు ఒత్తుతదన్నవ్?"

"రెండు వందలు."

"నడుమల చెయ్యి పడితే?"

"అవ్వా."

"అడిగిన, అంతే."

స్కూటీ జమ్మికుంట రోడ్డెక్కి కనబడకుండా పోయేదాకా స్వరూప గేటు పట్టుకుని నిలబడింది. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. అక్కడ నేర్చుకున్నది చదవడం, తరవాత సొంతంగా నేర్చుకున్నది భయపడటం. భర్త కొమురెల్లి మార్కెట్ యార్డులో పత్తి కాంటా దగ్గర పనిచేస్తాడు. అతను పది నిమిషాలు ఆలస్యంగా వస్తే చాలు, ఆమె మనసులో అంబులెన్సు కరీంనగర్ దాకా పోయి వస్తుంది.

ఇక ఈ తెల్లాయన సంగతి. చెక్ దేశం మనిషి, పేరు తోమాష్ హవెల్కా. మిషను బిగించడానికి వచ్చి మూడు వారాలైంది. నెమ్మదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విడుస్తాడు. కానీ పక్కింటి నాగవ్వ నిన్న గోడ మీదుగా ఒక మాట వేసింది. "ఎవలు ఏంది అడగకుంటనే ఇంట్ల పెట్టుకుంటివి. ఆయన ఇంటిపేరోళ్ళు ఎసుంటోళ్ళో ఎర్కనా నీకు?"

ఎర్క లేదు. రాత్రంతా ఆ మాట చెవిలో దోమలా తిరిగింది. ఉప్మా రవ్వ వేయిస్తూ వేయిస్తూ పొయ్యి తగ్గించి, స్వరూప ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. హర్షిణి అందులో అన్నీ తెలుగులోకి మారేటట్టు పెట్టి ఇచ్చింది. "హవెల్కా అంటే ఎవలు?" అని అడిగింది.

ఫోను ఒక పేజీ తెరిచింది. "హవెల్కా అనే ఇంటిపేరు గల ప్రముఖులు" అని పైన రాసి ఉంది. కింద పన్నెండు పేర్లు. ఒకాయన మంత్రి. ఒకాయన పెద్ద పాదిరి. ఇద్దరు ఫుట్‌బాల్ ఆడతారు. ఒకామె బొమ్మలు గీస్తుంది. ఒకాయన మంచు మీద జారుతాడు, అందుకు ఆయనకు పతకం ఇచ్చారు. ఒకాయన బతుకంతా సీతాకోకచిలుకల మీద రాశాడు. స్వరూపకు గుండె చల్లబడింది. ఒక్క ఇంటిలో ఇంతమంది పెద్దవాళ్ళా అనుకుంది. తమ బండారి వాళ్ళలో పెద్దమనిషంటే కరెంటాఫీసులో లైన్‌మెన్‌గా రిటైరైన మల్లన్న ఒక్కడే, ఆయనకూ పతకమేమీ రాలేదు.

పన్నెండో పేరు దగ్గర ఆమె వేలు ఆగింది. బొహుస్లావ్ హవెల్కా, పాటగాడు. పుట్టింది 1949. పోయింది మొన్న.

మొన్నంటే సోమవారం. ఈ రోజు బుధవారం.

పైన మెట్ల మీద నుంచి ఈల వినిపించింది. హవెల్కా సారు గడ్డం గీసుకుంటూ ఈల వేస్తున్నాడు.

"నీ కాళ్ళు మొక్కుత, జర ఇటు రా," అని స్వరూప కొమురెల్లిని వంటింట్లోకి పిలిచింది. "సారు పాలోళ్ళల్ల మనిషి పోయిండు. పాపం, ఆయనకు ఎర్కలేదు. ఈల ఏస్తుండు."

"నీకెవలు చెప్పిండ్రు?"

"ఫోన్ల రాసిండ్రు. ఇంటిపేరు ఒక్కటే, చూడు."

కొమురెల్లి చూశాడు. పోయినేడు పెద్దపల్లిలో బండారి ఇంటిపేరున్న ముసలాయన ఒకడు పోయాడు. ఆయన ముఖం వీళ్ళెవరూ చూసింది లేదు. అయినా ఇంటిపేరు కలిస్తే పాలోళ్ళు, పాలోళ్ళంటే పాలోళ్ళే. ఇల్లంతా మైల పట్టి, ఆ ఏడు బతుకమ్మ పేర్చలేదు. కాబట్టి కొమురెల్లి కాదనలేదు. "మరి చెప్తవా?" అని మాత్రం అడిగాడు.

అదే స్వరూపకు తెగలేదు. చెబితే ఆయన పెట్టె సర్దుకుని హైదరాబాదు పోయి విమానం ఎక్కుతాడు. మిషను అట్లాగే ఉంటుంది, బిడ్డ నౌకరి పోతుంది. అందుకని చెప్పకూడదనుకుంది. వార్త తనంతట తాను బయటికి రాకుండా ఫోను తీసుకుపోయి బియ్యం డబ్బాలో మోచెయ్యి లోతున పెట్టింది. మూత పెట్టగానే ఇంకో భయం లేచింది. మైలలో ఉన్న మనిషి చేత్తో కొత్త మిషను ముట్టించడమా? కొబ్బరికాయ ఆ చేత్తో కొట్టించడమా? రెండు వందల టన్నుల మిషను. పక్కన నిలబడేది హర్షిణి.

నౌకరి ఒకపక్క, బిడ్డ చేతులు ఇంకోపక్క. నడుమ ఉప్మా మాడిపోయింది.

చివరికి ఆమె ఒక మధ్యదారి పట్టింది. ఆయనకు చెప్పకుండానే ఆయన మైల తీర్చాలి. తలమీంచి స్నానం చేయించాలి, పోపు లేని చప్పటి కూడు పెట్టాలి, కొబ్బరికాయ ముట్టనివ్వకూడదు. హవెల్కా సారు దిగిరాగానే కాగిన నీళ్ళ బకెట్టు చూపించి, నెత్తి మీద పోసుకొమ్మని చేత్తో సైగ చేసింది. ఆయన తన తడి జుట్టు చూపించి నవ్వాడు. ఆమె మళ్ళీ సైగ చేసింది. ఈసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన నవ్వు ఆపి, బకెట్టు పట్టుకుని పైకి పోయాడు.

సరిగ్గా అప్పుడే నాగవ్వ పెరుగు తోడుకోసం గిన్నె పట్టుకుని వచ్చింది. పొయ్యి మీద మాడిన గిన్నె, పక్కన పోపు లేని పప్పు, స్వరూప ఎర్రటి కళ్ళు చూసింది.

"ఏమైందే?"

"ఏం కాలే అక్కా. సారు పాలోళ్ళల్ల ఒకాయన పోయిండు. ఎవలకు చెప్పకు, నీకు దండం పెడుత."

"నేనెవలకు చెప్తనే," అంది నాగవ్వ, తోడు మరిచిపోయి పోతూ.

నాగవ్వ చెప్పింది ఇద్దరికే. కానీ ఆ ఇద్దరిలో ఒకరు ఆటో హనుమండ్లు. అప్పటికే గేటు దగ్గరికొచ్చి ఉన్న హనుమండ్లు, దుఃఖంలో ఉన్న మనిషి కోసం హారన్ కొట్టడం పాపమనుకుని ఆటో తిప్పుకుని నేరుగా ఓంప్రకాశ్ ఇంటికి పోయాడు. గోడ దాటేటప్పుడు పాలోళ్ళ మనిషిగా ఉన్న బొహుస్లావ్, ఆటో ఎక్కేసరికి అన్న అయ్యాడు. సేటు గుమ్మం ముందు దిగేసరికి తండ్రి అయ్యాడు.

తొమ్మిదింబావుకల్లా స్వరూప ముంగిట్లో వాడకట్టు ఆడవాళ్ళు కొంగులు కప్పుకుని కూర్చున్నారు. పొయ్యి ముట్టించని ఇల్లని దేవవ్వ అన్నం వండుకుని తెచ్చింది. నాగవ్వ చారు తెచ్చింది. టెంటుహౌసు మల్లేష్ ఎవరూ చెప్పకుండానే ఇరవై కుర్చీలు దించి, "పైసల ముచ్చట తర్వాత," అన్నాడు. స్వరూప కాదనాలనుకుంది. కానీ ఇంతమంది ఇంత సాయం చేస్తుంటే నిజంగానే ఏడుపొచ్చింది. ఆమె ఏడ్చేసరికి మిగతావాళ్ళూ అందుకున్నారు.

హవెల్కా సారు మెట్ల మీద నుంచి ఇదంతా చూశాడు. మెల్లగా పైకి పోయి, నీలం అంగీ విప్పి నల్లది వేసుకుని, ఫోను సైలెంటులో పెట్టుకుని వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగకుండా కొమురెల్లి పక్కన కుర్చీలో కూర్చుని అతని చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయనకు తెలిసిపోయిందని కొమురెల్లికి అర్థమైంది. అతను ఇంకో చెయ్యి పైన వేశాడు. ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు.

"ఎంత గట్టి గుండెరో," అంది నాగవ్వ. "తండ్రి పోతే గూడ కండ్లల్ల నీళ్ళు రాలే."

"తండ్రా?" అంది స్వరూప.

"మరి? సేటు ఇంటికాడ హనుమండ్లు చెప్పిండట గదా."

స్వరూప లెక్క కలుపుకుంది. తాను చదివింది పాటగాడని. అంటే తండ్రి పాటగాడన్నమాట. పొద్దున ఈల కూడా ఆ వంశంలోంచే వచ్చింది. అన్నీ కలుస్తున్నాయి.

పదింటికి ఓంప్రకాశ్ పూలదండ పట్టుకుని, మిల్లుకు పోకుండానే, దారిలో కలిసిన ఆఫీసు వాళ్ళు నలుగురిని వెంటేసుకుని దిగాడు. దండ వేయడానికి ఫొటో వెతికాడు. ఫొటో లేదు. దండను కుర్చీ మీద పెట్టి, ఫోను సైలెంటులో వేసి, హవెల్కా ముందు చేతులు జోడించాడు.

"వెరీ సారీ సార్."

"వెరీ సారీ," అన్నాడు హవెల్కా కూడా, తల వంచి.

"వెరీ వెరీ సారీ."

"వెరీ సారీ."

ఇంగ్లీషులో సేటుకు తెలిసింది అయిపోయింది. ఆయన కూడా ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పదిన్నర అయింది. పెట్టుకున్న ముహూర్తం కాస్తా ఎవరూ చూడకుండా పోయింది. బియ్యం డబ్బాలో ఫోను మోగింది. అది బియ్యానికి తప్ప ఎవరికీ వినిపించలేదు. పదకొండయింది. అప్పటికి కూర్చోలేక కూర్చోలేక హవెల్కా జేబులోంచి తన ఫోను తీసి, ఏదో టైపు చేసి, కొమురెల్లి ముందు పెట్టాడు. ఫోను ఆడగొంతుతో స్పష్టంగా పలికింది.

"మీ కుటుంబంలో ఎవరు మరణించారు? నా ప్రగాఢ సంతాపం."

ముంగిట్లో ఆడవాళ్ళు మొహాల మీది కొంగులు తీసి చూశారు.

"మా ఇంట్లనా?" అన్నాడు కొమురెల్లి. "మా ఇంట్ల ఎవలు పోయిండ్రు? పోయింది మీ ఇంట్ల గదా."

ఫోను ఆ మాటను అటువైపు తిప్పి చెప్పింది. హవెల్కా ముఖం తెల్లబోయింది. ఉన్న తెలుపు మీద అది కూడా కనిపించింది. గబగబా ఎవరికో ఫోన్ చేశాడు. అవతల ఎవరో ముసలాయన నిద్రమత్తు గొంతుతో పలికాడు. హవెల్కా ఊపిరి పీల్చుకున్నాడు. మాట్లాడి పెట్టేసి మళ్ళీ టైపు చేశాడు.

"మా తండ్రిగారు క్షేమం. ఆయన నిద్ర చెడగొట్టినందుకు నన్ను తిట్టారు."

ఇరవై కుర్చీలూ స్వరూప వైపు తిరిగాయి. ఆమె లేచి వంటింట్లోకి పోయి, బియ్యంలోంచి ఫోను తీసి కొంగుతో తుడిచి తెచ్చి, పన్నెండో పేరు చూపించింది. హవెల్కా చదివాడు.

"ఈయన ఎవరో నాకు తెలియదు," అంది ఫోను. "మా దేశంలో హవెల్కాలు వేలమంది."

"ఇంటిపేరు ఒక్కటే గదా సారూ," అంది స్వరూప.

"అయితే?" అంది ఫోను.

ఆ ప్రశ్న అడిగిన మనిషిని స్వరూప తన బతుకులో చూడలేదు.

ఓంప్రకాశ్ లేచాడు. కుర్చీ మీది దండ చేతికి తీసుకున్నాడు. "అమ్మా, పొద్దున్నుంచి పన్నెండు ట్రాక్టర్ల పత్తి మిల్లు గేటు కాడ ఉన్నది. రైతులు నన్ను తిడుతుండ్రు. ముహూర్తం పాయె. మిషన్ గట్లనే ఉన్నది. నీ బిడ్డను రేపటి సంది ఇంట్లనే ఉంచుకో. ఎవలి పాలోళ్ళు పోయిండ్రో ఇద్దరు కలిసి చదువుకోండ్రి."

స్వరూప గోడకు ఆనుకుంది. ఆరు నెలల భయమూ ఒక్కసారిగా ఎదురుగా వచ్చి నిలబడింది. చిత్రం, అది తాను అనుకున్నట్టే ఉంది. "నాది తప్పు సేటూ. పిల్లది ఏం చేసింది?" అనబోయింది. గేటు బయట స్కూటీ ఆగింది.

హర్షిణి జుట్టు నిండా పత్తి. కనుబొమల మీద కూడా పత్తి. లోపలికి వచ్చి కుర్చీలను, దండను, కొంగులను చూసి ఆగిపోయింది.

"ఎవలు పోయిండ్రు?"

"ఎవలు పోలే," అన్నాడు కొమురెల్లి. "నువ్వెందుకొచ్చినవ్?"

"ఎవలు ఫోన్ ఎత్తుతలేరని వచ్చిన. అవ్వ ఎత్తది. సారు ఎత్తడు. సేటు ఎత్తడు. ఏమైందోనని సగం పానం పోయింది నాకు."

సగం ప్రాణం పోయిందన్న మాట ఆ ఇంట్లో స్వరూప నోటి నుంచి తప్ప ఎవరి నోటి నుంచీ రాలేదు. ఆమె బిడ్డ వైపు కొత్తగా చూసింది.

"మరి ముహూర్తం?" అన్నాడు ఓంప్రకాశ్.

"పదిన్నర దాక చూసిన సేటూ. రైతులు గేటు ఊపుతుండ్రు. మూడు వారాలు సారు పక్కన్నే ఉన్న గదా, బిగించిన ప్రతి బోల్టు నాకెర్కే. ఇగ నేనే నడిపిన. తొమ్మిది బేళ్ళు కట్టినం."

"కొబ్బరికాయ?" అంది స్వరూప.

"కొట్టిన."

"ఎవలు?"

"నేనే."

"చేతులు?"

హర్షిణి రెండూ పైకెత్తి చూపించింది.

హవెల్కా ఆమెను మిషను జోరు గురించి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఆమె ఒక అంకె చెప్పింది. ఇంకోటి అడిగాడు. ఇంకో అంకె చెప్పింది. ఆయన ఓంప్రకాశ్ వైపు తిరిగి ఫోను ముందుకు పట్టాడు. "మిషనుకు నా అవసరం తీరింది," అంది ఫోను. "ఈమెను వదులుకోకండి. నేను ఆదివారం ఇంటికి వెళ్తాను."

ఓంప్రకాశ్ చేతిలోని దండ వైపు చూశాడు. తెచ్చిన దండను ఎవరి మెడలోనైనా వేయకపోతే బాగుండదనిపించిందేమో, హర్షిణి మెడలో వేశాడు. "సోమవారం ఆర్డర్ కాయితం తీస్కో బిడ్డా," అన్నాడు. తరవాత దేవవ్వ తెచ్చిన అన్నంలో నాగవ్వ చారు పోసుకుని అందరూ తిన్నారు. పప్పులో పోపు లేదని నాగవ్వ వంక పెట్టింది.

కుర్చీలు పోయాక కొమురెల్లి అన్నాడు, "ఇగనన్న నిమ్మళంగ ఉండు. అన్ని మంచిగైనయి."

"అయినయి," అంది స్వరూప.

కానీ కాగితం చేతికొచ్చేది సోమవారం. అందుకని అప్పటిదాకా ఆమె గంటకోసారి ఫోనులో హవెల్కాల పేజీ తెరిచి చూస్తూనే ఉంది. అందులో పోయిన తేదీ లేనివాళ్ళు ఇంకా ఎనిమిది మంది ఉన్నారు, వాళ్ళలో ఒకాయన పుట్టింది 1931లో.