మంత్రిగారికి జ్వరం వచ్చిన విధం

టీకా వల్ల ఎవరికీ ఏమీ కాదనీ, ఇకపై కాకూడదనీ ఆరోగ్య మంత్రిగారు సోమవారం ఉదయం పదిన్నరకు ప్రకటించారు. "జీరో సైడ్ ఎఫెక్ట్! ఇది నా హామీ కాదు, నా ఆర్డరు!" అంటూ ఆయన బల్ల గుద్దిన చప్పుడు టీవీలో స్పష్టంగా వినిపించింది. జ్వరాలకు కూడా ఆర్డరు వేయగల నాయకుడు దొరకడం మామూలు అదృష్టం కాదు. ఆ అదృష్టాన్ని దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి నలుగురికీ చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

నేను మా వార్డు ఆరోగ్య కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటర్ని. మాది మూడు గదుల కేంద్రం. ముందు గదిలో సూది వేస్తారు. మధ్య గదిలో నాలుగు బెంచీలు, ఒక గోడ గడియారం. సూది వేయించుకున్నవాళ్ళు అక్కడ అరగంట కూర్చుని వెళ్ళాలి. వెనక గదిలో నేను, నా కంప్యూటరు, అప్పుడప్పుడు కరెంటు.

సూది వేసేది పెద్ద సిస్టర్. మా దగ్గర చిన్న సిస్టర్ అంటూ ఎవరూ లేరు. అయినా ఆవిడ పెద్ద సిస్టరే. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతుంది. సూది వేసిన ప్రతి మనిషికీ ఒకటే మాట, ఒకటే గొంతుతో చెప్పేది.

"చెయ్యి రెండ్రోజులు నొప్పి పెడుతుంది. ఇవాళో రేపో జ్వరం రావచ్చు. వస్తే కంగారు పడకు. ఈ మాత్ర వేసుకో, నీళ్ళు బాగా తాగు. రెండ్రోజులు దాటినా తగ్గకపోతే నాకు ఫోన్ చెయ్యి. ఆయాసం గానీ వచ్చిందా, ఫోన్ కూడా వద్దు, పరిగెత్తుకు రా."

రోజుకి రెండు వందల మందికి రెండు వందల సార్లు. మర్నాడు ఫోన్లు వచ్చేవి. "సిస్టరమ్మా, మీరు చెప్పినట్టే వచ్చేసిందమ్మా జ్వరం!" అని, టైముకి వచ్చిన బస్సు గురించి చెప్పినంత సంతోషంగా చెప్పేవాళ్ళు. ఆవిడ అవన్నీ ఒక పుస్తకంలో రాసేది. నేను కంప్యూటర్లో ఎక్కించేవాణ్ణి. వందమందిలో నలభైమందికి చెయ్యి నొప్పి. అందులో సగం మందికి ఒకరోజు జ్వరం. మిగతా అరవైమందీ హాయిగా ఉన్నారు. లోకం సజావుగా నడుస్తోంది.

ప్రకటన వచ్చిన రెండో రోజున పెద్దాఫీసరుగారు మా కేంద్రానికి వచ్చారు. సిస్టర్ పుస్తకం తెరిచి చూశారు.

"ఏంటివన్నీ?"

"సైడ్ ఎఫెక్టులు సార్."

"లేవు కదా!"

"ఉన్నాయి సార్. వాళ్ళే ఫోన్ చేసి చెప్పారు."

"మీరు ఫోన్ ఎందుకు ఎత్తారు?"

పరిపాలన అంటే ఏమిటో నాకు ఆ క్షణాన అర్థమైంది.

పెద్దాఫీసరుగారు అక్కడికక్కడే కంప్యూటర్లో కొత్త కాలమ్ పెట్టించారు: 'టీకాతో సంబంధం లేని కారణం'. ఎవరైనా నలతగా ఉందంటే ఆ కాలమ్‌లోంచి ఒకటి ఎంచుకోవాలి. వాతావరణం. అతిగా ఆలోచించడం. చెయ్యి కింద పెట్టుకుని పడుకోవడం. ఇంకేమైనా ఉంటే చెప్పమని నన్నడిగారు. "అత్తగారు రావడం" అన్నాను. మెచ్చుకుని చేర్చుకున్నారు. ప్రభుత్వ విధాన రూపకల్పనలో నా పాత్ర అది.

తరవాత ఆయన బెంచీల గదిలోకి వెళ్ళారు. "ఏమీ కాదన్నప్పుడు అరగంట దేనికి? కూర్చోబెడితేనే జనానికి అనుమానం," అని నాలుగు బెంచీలూ వెనక వరండాలోకి పంపేశారు. వాటి స్థానంలో మంత్రిగారి నిలువెత్తు అట్టబొమ్మ వచ్చింది. దాని పక్కన నిలబడి ఫొటో దిగి ఇంటికి పోవచ్చు. సూది వేసేటప్పుడు జ్వరం, నొప్పి అనే మాటలు వాడి ప్రజలను భయపెట్టరాదని గోడకి ఒక నోటీసు కూడా అంటించారు.

అలా ధైర్యంగా ఫొటో దిగి వెళ్ళినవాళ్ళలో మా పిన్ని ఒకతె. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఒరే, ఒళ్ళు కాలిపోతోందిరా. టీవీలో ఎవరికీ ఏమీ రాదన్నారుగా. మరి నాకే ఎందుకొచ్చింది? నాలోనే ఏదో తేడా ఉందంటావా?"

"అందరికీ వస్తుందిలే పిన్నీ, రేపటికి తగ్గిపోతుంది."

"అందరికీ వస్తే ఎవరూ చెప్పరేంట్రా? దాస్తున్నారంటే ఏదో ఉందన్నమాటే!"

మర్నాటికి జ్వరం తగ్గిపోయింది. అనుమానం మాత్రం తగ్గలేదు. పిన్ని ఉండే బిల్డింగులో నాలుగంతస్తులు. సాయంత్రానికల్లా నాలుగంతస్తులకీ తెలిసింది. ఆ వారం మా కేంద్రానికి వచ్చేవాళ్ళు రెండు వందల నుంచి ముప్పైకి దిగారు. సైడ్ ఎఫెక్టులు కూడా దామాషాగా తగ్గాయని పెద్దాఫీసరుగారు పైకి రిపోర్టు పంపారు.

ఆ ముప్పైలో ఎదురు సందు దర్జీ ఒకడు. సూది వేయించుకున్నాడు, ఫొటో దిగాడు, గేటు దాకా నడిచాడు, అక్కడ కూలబడ్డాడు. నేను కిటికీలోంచి చూసి కేకేశాను. సిస్టర్ చేతిలో మందుల పెట్టెతో పరిగెత్తింది. అంతటి మనిషి అంత వేగంగా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. దర్జీ పెదవులు ఉబ్బిపోయాయి, మెడ నిండా దద్దుర్లు, ఊపిరి ఈలలా వస్తోంది. ఆవిడ అతన్ని నేలమీద పడుకోబెట్టి తొడలో ఇంజక్షన్ చేసింది. నన్ను కాళ్ళు ఎత్తి పట్టుకోమంది. పట్టుకున్నాను. కాసేపటికి అతను కళ్ళు తెరిచి, "మిషన్ మీద గుడ్డ అలాగే ఉంది," అన్నాడు. అంబులెన్సులో పంపాం. ఒకరోజు ఆస్పత్రిలో ఉంచి ఇంటికి పంపేశారు.

సిస్టర్ పుస్తకంలో రాసింది: 'టీకా వేసిన పన్నెండు నిమిషాలకు దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరి ఆడకపోవడం. చికిత్స చేశాం. కోలుకున్నాడు.'

పెద్దాఫీసరుగారు గంటలో వచ్చేశారు.

"వేరే కారణం రాయండి. దారం పడలేదేమో."

"ముప్పై ఏళ్ళ నుంచి కుడుతున్నాడు సార్ ఆ దారంతోనే."

"అదే నేననేది! ముప్పై ఏళ్ళది ఒంట్లో పేరుకుపోయింది."

"ఇలాంటిది ఎక్కడో ఒకరికి వస్తుంది సార్. వస్తే అరగంటలోపే వస్తుంది, మనం పక్కనుంటే ప్రాణం పోదు. అందుకే బెంచీలు. ఇది రాయకపోతే రెండో డోసుకి ఇంకెవరో ఈయనకి ఇదే మందు వేస్తారు."

"రెండో డోసు సంగతి రెండో డోసప్పుడు చూద్దాం."

సిస్టర్ మార్చలేదు. మర్నాడు మెమో వచ్చింది. పెద్దాఫీసరుగారు చెబుతుంటే నేనే టైపు చేశాను: 'లేని సైడ్ ఎఫెక్టులను నమోదు చేసి ప్రజలను భయాందోళనలకు గురిచేసినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలెను.' సిస్టర్ నిలబడే చదివింది. "భయాందోళనలో దీర్ఘం పోయింది చూడు," అని నాచేత దిద్దించి సంతకం పెట్టి తీసుకుంది. ఆ తరవాత మొహం కడుక్కుంటానని వెళ్ళి చాలాసేపు రాలేదు.

వచ్చాక వరండాలోంచి రెండు బెంచీలు లోపలికి లాగించింది. అట్టబొమ్మకి ఎదురుగా వేయించి, ఫొటో కోసం వచ్చేవాళ్ళకి టోకెన్లు ఇమ్మని నాతో చెప్పింది. టోకెన్ ఇచ్చాక అరగంటకి గానీ ఫొటో లేదు. మంత్రిగారితో ఫొటో కోసం జనం అరగంట ఎదురుచూస్తున్నారని పెద్దాఫీసరుగారు పొంగిపోయి పైకి మరో రిపోర్టు పంపారు.

ఆ రిపోర్టు చదివే కాబోలు, మంత్రిగారు స్వయంగా మా కేంద్రంలోనే టీకా వేయించుకుని ప్రజల్లో ధైర్యం నింపాలని నిర్ణయించారు. వారి వెంట వారి సొంత డాక్టరు, ఒక చిన్న పెట్టె, పద్నాలుగు కెమెరాలు వచ్చాయి. సిస్టర్ని పక్కన నిలబడమన్నారు. నిలబడింది. మా ఇద్దరికీ కెమెరావాళ్ళ వీపులు చాలా బాగా కనిపించాయి. చప్పట్లు వినిపించాక అయిపోయిందని తెలిసింది. మంత్రిగారు సూది పడిన చేత్తోనే ఇరవై లీటర్ల మంచినీళ్ళ డబ్బా నెత్తి మీదికి ఎత్తి, "ఏమైందయ్యా నాకు? ఏమైనా అయిందా?" అని గర్జించారు. ఏమీ కాలేదని మేమంతా ముక్తకంఠంతో ఒప్పుకున్నాం.

మర్నాడు మా కేంద్రానికి ఒక్కరూ రాలేదు.

నేను గడ్డం గీయించుకుందామని వెళితే మంగలి షాపులో అదే చర్చ. "నాకు మూడ్రోజులు దువ్వెన పైకి లేవలేదు. ఆయన డబ్బా ఎత్తేశాడు," అన్నాడు మంగలి. "ఆయన సీసా వేరు, మన సీసా వేరు," అన్నాడు కుర్చీలోని బస్సు డ్రైవరు. మొహం నిండా నురగ ఉన్నా ఆ మాట నలుగురికీ స్పష్టంగా వినిపించింది. సాయంత్రానికి ఊరంతా అదే మాట. జ్వరం రాని మంత్రి మనవాడెలా అవుతాడని కొందరు కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారు.

పార్టీ అత్యవసరంగా సమావేశమైంది. ఆ మర్నాడు మధ్యాహ్నం మూడింటికి మంత్రిగారు ఆస్పత్రిలో చేరారు. బులెటిన్ వచ్చింది: జ్వరం నూటొకటి, చెయ్యి నొప్పి, మనోధైర్యం సాధారణం. "ప్రజలకు వచ్చిన జ్వరమే నాకూ వచ్చింది. ఇంతకంటే ఏం కావాలి?" అని ఆయన దుప్పట్లోంచి సందేశమిచ్చారు. నాలుగింటికి ప్రతిపక్ష నాయకుడు తనకి నూట రెండు అని ప్రకటించాడు. నాలుగున్నరకి మంత్రిగారిది నూట రెండున్నర. ఐదింటికి నూట మూడు. అంతకు మించితే రేపటి ప్రెస్ మీట్‌లో మాట్లాడలేరని డాక్టర్లు జోక్యం చేసుకోవడంతో పోటీ అక్కడ ఆగింది.

వారం తిరక్కుండా కొత్త సర్క్యులర్. సైడ్ ఎఫెక్టు ప్రజల హక్కు. ప్రతి కేంద్రమూ వందకి డెబ్బైకి తగ్గకుండా చూపించాలి. పెద్దాఫీసరుగారు అదే పుస్తకం, అదే పేజీ తెరిచారు.

"నలభయ్యేనా? పక్క కేంద్రంలో తొంభై ఐదు తెలుసా!"

"మా దగ్గర నలభైమందికే వచ్చాయి సార్."

"మిగతావాళ్ళకి మీరే ఫోన్ చేసి అడగలేకపోయారా?"

"అడిగాను సార్. బాగానే ఉన్నామన్నారు."

"అడిగే పద్ధతిలో అడిగి ఉండరు!"

పద్ధతి ఎలా ఉంటుందో చూపించడానికి ఆయన మా పిన్నికే ఫోన్ చేశారు. ఒకరోజు జ్వరాన్ని ఐదు రోజులు చెయ్యమని బతిమాలారు. "ఐదంటే కుదరదు బాబూ. ఆ నాలుగు రోజులూ వంట ఎవరు చేశారని మా ఇంటాయన అడుగుతాడు," అని పిన్ని ఫోన్ పెట్టేసింది.

రెండో మెమో నాకు తేలిగ్గా పనైపోయింది. పాతది తెరిచి 'లేని' తీసి 'ఉన్న' పెట్టాను, 'నమోదు చేసి' తీసి 'దాచిపెట్టి' పెట్టాను. భయాందోళనలు ఎలాగూ దిద్దే ఉన్నాయి. మూడో మెమో వస్తే సస్పెన్షనే అని పెద్దాఫీసరుగారు వెళుతూ వెళుతూ చెప్పారు.

ఆ సాయంత్రం దర్జీ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"సిస్టరమ్మా, నా పేజీ చింపేస్తారంట కదా?"

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. చింపకమ్మా. నాకేమైందో ఆ కాగితంలో తప్ప ఇంకెక్కడా లేదు."

"నేనుండగా చింపరులే," అంది సిస్టర్. ఎంతకాలం ఉంటుందో ఆవిడకీ తెలియదు. పుస్తకం తీసి ఆ పేజీ మొత్తం ఇంకో కాగితం మీద రాసి, స్టాంపు వేసి, అతని చేతిలో పెట్టింది. "ఎక్కడ సూది వేయించుకున్నా ముందిది చూపించు." దర్జీ దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు.

మూడో మెమో కోసం ఎదురుచూస్తుండగా మంత్రిగారే వచ్చారు. ఈసారి వెనక గుమ్మంలోంచి. కెమెరాలు లేవు, సొంత డాక్టరు లేడు, చిన్న పెట్టె కూడా లేదు. పి.ఏ. ఒక్కడే ఉన్నాడు. మంత్రిగారి ఇంట్లో డ్రైవరుకీ, బావమరిదికీ ఈ టీకా ఏ జబ్బుకో ఆ జబ్బే వచ్చి ఆస్పత్రిలో ఉన్నారనీ, బావమరిదికి ఆక్సిజన్ పెట్టారనీ మేము పేపర్లో చదివాం. మంత్రిగారు బాగా చిక్కారు. నేను లేచి నిలబడి నా కుర్చీ ఇచ్చాను.

"రెండో డోసు వెయ్యాలి. త్వరగా," అన్నాడు పి.ఏ.

సిస్టర్ పుస్తకం తెరిచి అందరినీ అడిగినట్టే అడిగింది. "మొదటి డోసుకి ఏమైనా ఇబ్బంది వచ్చిందా సార్?"

పి.ఏ. జేబులోంచి బులెటిన్లు తీసి బల్లమీద పరిచాడు. "జ్వరం నూట మూడు. భరించలేని నొప్పి. మూడు రోజులు ఆస్పత్రి. రాసుకోండి."

సిస్టర్ మూడు బులెటిన్లూ శ్రద్ధగా చదివింది. చదివి సూది పక్కన పెట్టేసింది.

"మొదటిదానికే ఇంత బాధ పడ్డారంటే రెండోది నేను వెయ్యలేను సార్. ముందు పెద్ద డాక్టర్లు చూడాలి, పరీక్షలు చెయ్యాలి. అన్నీ బాగుంటే రెండు వారాల తరవాత రండి."

మంత్రిగారు పి.ఏ. వైపు చూశారు. పి.ఏ. ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను తిరగడం లేదు.

"నువ్వు బయట ఉండు," అన్నారు మంత్రిగారు. పి.ఏ. వెళ్ళాక తలుపు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, కుర్చీ ముందుకి జరుపుకున్నారు. చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, బల్లమీది బులెటిన్లని మరో చేత్తో మెల్లగా పక్కకి నెట్టారు.

"అయితే," అన్నారు చిన్న గొంతుతో, "నాకు మొదటిదే వెయ్యమ్మా."