ప్రేక్షకుడు కావలెను

కాలనీలో జనం ఒకరినొకరు గుర్తుపట్టడం మానేశారన్న సంగతిని సంక్షేమ సంఘం ఎట్టకేలకు గుర్తించింది. అంతకు కొద్దిరోజుల ముందే పైవాటా ఆయన మెట్ల మీద కిందివాటా ఆయన్ని దొంగ అనుకుని పట్టుకున్నాడు. కిందివాటా ఆయన కూడా అదే అనుమానంతో ఆయన్ని అంతకంటే గట్టిగా పట్టుకున్నాడు. కాపలావాడు వచ్చేదాకా ఇద్దరూ కౌగిలించుకుని నిలబడ్డారు. తీరా వచ్చాక తేలిందేమిటంటే, కాపలావాడికి ఇద్దరూ తెలియరు.

ఈ జబ్బుకు మందుగా, ఏనాడో ఆగిపోయిన ప్రతిభా పోటీలను పునరుద్ధరించాలని సంఘం నిర్ణయించింది. "కళ మనుషుల్ని కలుపుతుంది" అని అధ్యక్షులవారు సెలవిచ్చారు. ఆ పోటీలు అసలెందుకు ఆగిపోయాయన్న సంగతి ఎవరూ కదపలేదు. అప్పటి న్యాయనిర్ణేత ఈ వీధిలో పని పడితే ఇప్పటికీ కబురు పంపిస్తాడు తప్ప, తను రాడు.

స్పందన అపూర్వం. దంతవైద్యుడు మిమిక్రీకి, ప్లంబరు కవిత్వానికి, జిమ్ము నడిపేవాడు ఇనుపకడ్డీ వంచడానికి, ఎదురింటి తోడికోడళ్ళు 'అన్యోన్య కుటుంబం' అనే నాటికకు పేర్లిచ్చారు. నోటీసు అంటించడానికి వచ్చినవాడు జిగురు చేత్తోనే నృత్యానికి పేరిచ్చి మరీ వెళ్ళాడు. అధ్యక్షులవారు తమ ప్రతిభ ముగింపు ఉపన్యాసమని వినయంగా తెలియజేశారు.

అంతా సిద్ధమయ్యాక, కుర్చీలు దింపుతున్నవాడు ఒక అనవసరమైన ప్రశ్న వేశాడు: "వీటిలో ఎవరు కూర్చుంటారండీ?"

కమిటీ మొహాలు చూసుకుంది. వెంటనే ఇంటింటికీ వెతుకులాట మొదలైంది. వెతగ్గా వెతగ్గా కాలనీ మొత్తమ్మీద ఏ కళా అంటని మనిషి ఒక్కడు తేలాడు. కళ్ళజోళ్ళ షాపాయన.

కమిటీ షాపులో అడుగుపెట్టేసరికి ఆయన ఒక పెద్దావిడకి అద్దాలు మార్చి మార్చి పెడుతూ, గోడమీది అక్షరాలు చదివిస్తున్నాడు.

"మీకేం రాదటగా?" అన్నాడు అధ్యక్షుడు ఆశగా.

"రాదండీ."

"పాట?"

"ఊహూఁ."

"పోనీ, ఈల?"

"గాలి వస్తుందండీ. ఈల రాదు."

అధ్యక్షుడి కళ్ళు చెమ్మగిల్లాయి. "మీరు మాకు దేవుడిలా దొరికారు" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. పెద్దావిడ గోడ వదిలేసి ఇటు తిరిగి, తనకు పద్యాలు వచ్చునని, పోటీకి తన పేరు కూడా ఉందని గుర్తుచేసింది.

ఆ క్షణం నుంచి ఆయన హోదా 'ప్రధాన ప్రేక్షకులు'. హోదా వచ్చాక జీవితం మారకుండా ఉంటుందా? చూపు చక్కగా ఉన్నవాళ్ళు కూడా కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి వచ్చి, చీకటి గదిలో ఆయన్ని కూర్చోబెట్టి తమ అంశం ఓసారి వేసి చూపించారు. ఎప్పటి నుంచో పిలిచినా రాని ప్లంబరు పిలవకుండానే వచ్చాడు. వంటింటి తూము కింద పడుకుని, పైపు బిగిస్తూ తన కవిత మొత్తం వినిపించాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన్ని "ఆ మనిషి" అని వ్యవహరిస్తున్న అత్తగారు "అల్లుడుగారూ" అని కాఫీ తెచ్చిచ్చి, అందులో చక్కెర సరిపోయిందా అని అడిగింది. ఆవిడ అంశం వీణ.

ఇంట్లో ఆయన్ని ఏమీ అడగనిది భార్య ఒక్కతే. ఆవిడ పాడబోతోంది. కార్యక్రమంలో చిట్టచివర, ఉపన్యాసం తర్వాత.

"నీ పాట కూడా వింటాలే" అన్నాడు ఆయన, పెద్దమనసుతో.

"వినడానికేం, వింటారు. నా మొహంలోకి చూసి ఎన్నాళ్ళయిందో చెప్పండి" అంది ఆవిడ, బట్టలు మడతపెడుతూ.

పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ కళ్ళలోకి లైటు వేసి చూసే మనిషి, ఇంటికొచ్చాక ఎవరి కళ్ళలోకీ చూసేవాడు కాదు. అది సెలవు అనుకునేవాడు. ఆవిడ ఏమనుకునేదో ఎన్నడూ అడగలేదు.

పోటీ రోజు వచ్చింది. హాలు నిండా కుర్చీలు, మొదటి వరసలో ఆయన. ఫొటోగ్రాఫరు వచ్చి, ఫొటోల్లో జనం పలచగా కనిపిస్తే బాగుండదని, ఆయన్ని కుడివైపు కూర్చోబెట్టి ఒకటి, ఎడమవైపు ఒకటి, వెనకవరసలో కోటు వేసి ఒకటి తీశాడు. వెనకవరస ఫొటోలో ఆయన మహా ఉత్సాహంగా వచ్చాడు.

జిమ్మువాడు కడ్డీ వంచాడు. అది హాలు కిటికీదని తర్వాత తెలిసింది. దంతవైద్యుడు డ్రిల్లు చప్పుడు చేయగానే తెర వెనక అతని పేషెంట్లు ఏకకంఠంతో కేకపెట్టారు. తోడికోడళ్ళు 'అన్యోన్య కుటుంబం' ఆడుతూ ఆడుతూ మధ్యలో పాత తగువులోకి జారిపోయారు. ఆయన చప్పట్లు కొడితే, అవి ఎవరికో తేల్చమని ఇద్దరూ స్టేజి అంచుకు వచ్చి నిలదీశారు. ఆయన కుడిచేత్తో ఒకరికి, ఎడమచేత్తో ఒకరికి కొట్టానని చెప్పి బయటపడ్డాడు.

సాయంత్రానికి అరచేతులు ఉబ్బి మండిపోయాయి. ఇంకా కొన్ని అంశాలు మిగిలుండగానే అధ్యక్షులవారు మైకు సవరించుకుని "క్లుప్తంగా" అన్నారు. ఆ మాటకు అర్థం తెలిసిన ప్రేక్షకుడు చేతులు నీళ్ళల్లో ముంచుకోవడానికి మెల్లిగా లేచి తెర వెనక్కి వెళ్ళాడు.

చూద్దుడు గదా, కాలనీ అంతా అక్కడుంది! పైవాటా ఆయన మీసం ఊడిపోతుంటే కిందివాటా ఆయన గడ్డం పట్టుకుని అతికిస్తున్నాడు. ఒక తోడికోడలు నోట్లో పిన్నులు పెట్టుకుని రెండోదాని పమిట సర్దుతోంది. ఉన్నది ఒకటే అద్దం, దాని ముందు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

భార్య మాత్రం ఓ మూల బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. "నేను ఎక్కను. గొంతు పట్టేసింది" అంది.

"మరి నాకు వినిపించవా?"

"ఖాళీ కుర్చీలు చూస్తూ నావల్ల కాదు."

ఆయన ఉబ్బిన చేతులతోనే ఇంకో బకెట్ లాగి బోర్లించి, ఎదురుగా కూర్చున్నాడు. "నన్ను చూస్తూ పాడు" అన్నాడు. లైటు వేయకుండా, అద్దాలు మార్చకుండా ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఎడమ కన్ను కింద చిన్న పుట్టుమచ్చ ఉందని అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. ఆవిడకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే పాట మొదలైంది. మొదట పక్కనున్నవాళ్ళు ఆగారు, తర్వాత అద్దం దగ్గరివాళ్ళు ఆగారు. వీణ తీగలు బిగిస్తున్న అత్తగారు కూడా చెయ్యి ఆపింది. పాట పూర్తయ్యాక ఎవరూ అడగకుండానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం కొట్టలేకపోయాడు, చేతుల వల్లో, మరి దేనివల్లో.

ఆ మోత అవతల స్టేజి మీదికి వినిపించింది. అధ్యక్షులవారు చెయ్యెత్తి కృతజ్ఞతలు తెలిపి, జన స్పందన దృష్ట్యా ఉపన్యాసాన్ని పొడిగించారు.

మర్నాడు సమీక్షా సమావేశానికి కాలనీ అంతా హాజరైంది. కార్యక్రమం అన్నివిధాలా జయప్రదమైందని, కుర్చీలు ఆద్యంతం క్రమశిక్షణతో ఉన్నాయని, జరిగిన ఏకైక అంతరాయం ప్రేక్షకుడు మధ్యలో లేచిపోవడమేనని నివేదికలో ఉంది. కనుక వచ్చే ఏడాది నుంచి ప్రేక్షకులనే విభాగాన్ని రద్దు చేయాలని అధ్యక్షులవారు ప్రతిపాదించారు.

కళ్ళజోళ్ళాయన లేచి, "అది కాదండీ, నిన్న తెర వెనక మీరందరూ..." అంటూ ఏదో చెప్పబోయాడు. అప్పటికే సభ్యులందరూ లేచి నిలబడి ప్రతిపాదన మీద ఒకేసారి ప్రసంగిస్తున్నారు. అది ఏ ప్రతిపాదనో ఎవరికీ వినపడలేదు. ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.