నీలం షెడ్డు ముందు క్యూ

పొద్దున్నే లాడ్జిలో పలహారం బల్ల దగ్గర మాల్కమ్ టాటర్సాల్ ఆ రోజు కార్యక్రమాన్ని ప్రకటించాడు. ముందు ఒడ్డు వెంట నడక, తరువాత కొండ మీదికి పాకే చిన్న రైలు, ఆ పైన ఒడ్డు గోడ మీద కూర్చుని దారంతో పీతలు పట్టడం, చివరికి సముద్రంలోకి చొచ్చుకుపోయిన పియర్ వంతెన కొసన టీ. థార్న్‌బీ సముద్రానికి వచ్చిన మనిషి చేయవలసిన పనులు అవే. చిన్నప్పుడు వాళ్ళమ్మ వేలు పట్టుకుని చేసినవీ, పెళ్ళయిన కొత్తలో బెరిల్‌తో కలిసి చేసినవీ కూడా అవే. వచ్చిన చిక్కల్లా ఇది అక్టోబరు నెలాఖరు కావడం.

"చిన్న రైలు ఆపేశారు. మొన్న గేటు దాకా పోయి తాళం చూసొచ్చాం కదా," అంది బెరిల్, వేయించిన టమాటాని ఫోర్కుతో పక్కకి నెడుతూ. "పియర్‌కి మరమ్మతులు. ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకు తిప్పే గాడిదల్ని కూడా పొలాలకి తోలేశారు. నిన్న మనం ఏం చూశామో చెప్పు, వింటాను."

మాల్కమ్ టీ కలిపాడు. కలిపిన టీనే మళ్ళీ కలిపాడు. "నిన్న వాన చూశాం."

"వాన మనింటి దగ్గరా పడుతుంది. దానికి రైలెక్కి రానక్కర్లేదు."

బెరిల్ మాటలో అన్యాయమేమీ లేదు. ఆవిడ చెల్లెలు డోరీన్ ఏటా ఈ రోజుల్లో స్పెయిన్ వెళ్ళి, వేగిన రొట్టెముక్క రంగులో తిరిగొచ్చి, ఫొటోలన్నీ సోఫా మీద పరిచి కూర్చుంటుంది. ఈసారి బెరిల్ ఒక షరతు మీద వచ్చింది. ఈ సెలవుల్లో చూడదగ్గది ఒక్కటంటే ఒక్కటి చూపించాలి. లేకపోతే వచ్చే ఏడు నుంచి డోరీన్ దంపతులతో స్పెయినే. ఎండ తగిలితే మాల్కమ్‌కి ఒళ్ళంతా దద్దుర్లు. డోరీన్ మొగుడి కబుర్లు వింటే లోపల కూడా దద్దుర్లు. అదంతా ఒక ఎత్తు, ఈ బూడిదరంగు సముద్రం ఒక ఎత్తు. దీన్ని చూడకుండా ఏడాది గడవడమన్న ఊహకే అతనికి నిజంగా ఏడుపొచ్చేది. కానీ అలాంటి మాటలు పైకి చెప్పడం ఆ వంశంలో ఎవరికీ చేతకాదు.

"రేపు పొద్దున్నే రైలు," అంది బెరిల్ లేస్తూ. "ఇవాళ సాయంత్రం దాకా టైమిస్తున్నా. తరవాత నన్ననకు."

బయట గాలి మనుషుల్ని వెనక్కి తోస్తోంది. ఒడ్డు మీద తెరిచి ఉన్నది ఉన్నికొట్టు ఒక్కటే. "నీలం ఉన్ని ఉందేమో చూసి ఇప్పుడే వస్తా," అని బెరిల్ లోపలికి వెళ్ళింది. ఉన్నికొట్లో 'ఇప్పుడే' అంటే ఎంతసేపో మాల్కమ్‌కి అనుభవమే. ఎదురుగా ఓ నీలం షెడ్డు కనిపించింది. షట్టరు దించి ఉంది. సీజన్ అయిపోయిందని బోర్డు కూడా విప్పేశారు. గాలి మరుగు కోసం దాని ముందుకు పోయి, షట్టరుకేసి తిరిగి నిలబడి, ఫ్లాస్కు మూత తీశాడు.

మూసిన తలుపుకి ఎదురుగా, దాన్నే చూస్తూ నిలబడకూడదన్నది మాల్కమ్‌కి తెలియని సంగతి కాదు. టీ మీద ధ్యాసలో పడి మరిచిపోయాడు. రెండు గుక్కలు తాగేసరికి వెనక ఎవరో సన్నగా దగ్గారు. తిరిగి చూస్తే ఓ ముసలావిడ, ఆవిడ చంకలో స్వెట్టరు తొడుక్కున్న చిన్న కుక్క. ఎంత దూరంలో నిలబడితే మర్యాదో సరిగ్గా అంత దూరంలో నిలబడింది.

"ఇంకా తెరవలేదాండీ?" అంది.

మాల్కమ్ షట్టరు వంక చూశాడు. "ఇంకా లేదండీ," అన్నాడు. ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. కొంపముంచింది కూడా ఆ మాటే.

అంతలో ఆవిడ వెనక గొడుగుతో ఓ జంట చేరింది. జంట వెనక ఇద్దరు పిల్లలతో ఓ తల్లి. తల్లి వెనక ఎర్ర టోపీ ఆయన. ఎవరూ 'ఇది దేనికి?' అని అడగలేదు. అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టు కదా! ముందున్న వాళ్ళని 'చాలాసేపైందా?' అని అడగడం, 'ఇప్పుడిప్పుడే' అనిపించుకోవడం, తృప్తిగా నిలబడడం. మాల్కమ్ ఫ్లాస్కు మూత బిగించి, మెల్లగా పక్కకి జరగబోయాడు.

"అయ్యో, వెళ్ళిపోతున్నారా?" అంది ముసలావిడ. మిసెస్ పెటిగ్రూ అని అప్పటికే తన పేరూ, కుక్క వయసూ చెప్పేసింది. "అందరికంటే ముందొచ్చి ఇంతసేపు నిలబడి! అత్యవసరమైతే వెళ్ళిరండి బాబూ, మీ చోటు నేను కాపాడతాగా."

"అది కాదండీ, అసలు నేను..."

"మొహమాటపడకండి. ఏమండీ, ఈయన చోటుని ఎవరూ ఆక్రమించకండి!" అని వెనక్కి తిరిగి చాటింది. వెనకున్న వాళ్ళందరూ బుద్ధిగా తలలూపారు. ఇంతమంది తన చోటుకి కాపలా కాస్తుంటే వదిలి పోవడం మాల్కమ్‌కి మర్యాదగా తోచలేదు. మళ్ళీ షట్టరుకేసి తిరిగి నిలబడ్డాడు.

క్యూ ఐస్‌క్రీము కొట్టు దాటింది, బస్‌స్టాపు దాటింది. బస్సు కోసం వచ్చినవాళ్ళు కొందరు ఎందుకైనా మంచిదని ఇటు మారారు. మధ్యలో పుకార్లు మొలిచాయి. సముద్రంలో సీల్ జంతువుల పిల్లల్ని చూపించడానికి ఆఖరి పడవ వేస్తున్నారని ఎర్ర టోపీ ఆయన నమ్మకంగా చెప్పాడు. బస్‌స్టాపు దగ్గర అదే సంగతి లైఫ్‌బోటు వాళ్ళు పీత సాండ్‌విచ్‌లు ఉచితంగా పంచడంగా మారింది. "రెండూనట," అని ఎవరో రాజీ కుదిర్చారు. చిప్స్ కొట్టువాడు సీజను అయిపోయిందన్న సంగతి పక్కన పెట్టి, పొయ్యి వెలిగించి, పొట్లాలు క్యూలోకే తెచ్చి అమ్మసాగాడు.

సరిగ్గా అప్పుడు ఉన్నికొట్టు తలుపు తెరుచుకుని బెరిల్ బయటికి వచ్చింది. క్యూని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. మొదట్లో నిలబడ్డ మొగుణ్ణి చూసింది. హమ్మయ్య, ఇప్పుడు వచ్చి చేయి పట్టి లాక్కుపోతుందని మాల్కమ్ ఆశపడ్డాడు. బెరిల్ అలాంటి మనిషా? మొగుడు ముందున్నాడని మధ్యలో దూరే రకం కాదు. చేయి ఊపి, నేరుగా క్యూ చివరికి నడిచి వెళ్ళి నిలబడింది.

కాసేపటికి వెనక నుంచి కబురు మనిషి మీదుగా మనిషికి అంది, మిసెస్ పెటిగ్రూ దాకా వచ్చింది. "చివర్లో ఆకుపచ్చ కోటావిడ మీ ఆవిడటగా! చూడదగ్గది ఒకటి చూపిస్తారని నిలబడిందట. ఎంత అదృష్టవంతురాలండీ!"

మాల్కమ్ గబగబా ఆవిడ వైపు తిరిగాడు. "ఆవిడకి ఒక మాట పంపించండి. ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదు, వచ్చెయ్యమని చెప్పండి."

మిసెస్ పెటిగ్రూ అతన్ని తేరిపార చూసింది. "అలాంటి మాట నేను వెనక్కి పంపను. చిన్నపిల్లలున్నారు."

ఇంతలో ఒక మీసాలాయన రంగు మరకల కోటు వేసుకుని, చేతిలో తాళాల గుత్తి ఊపుకుంటూ వచ్చాడు. ఎవరినీ పట్టించుకోకుండా షెడ్డు దగ్గరికే నడిచాడు. మాల్కమ్ ప్రాణం లేచివచ్చింది. తాళాలవాడు వచ్చాడు, లోపల ఏమీ లేదని వాడే చెబుతాడు, తన పీడా వదులుతుంది అనుకున్నాడు.

"క్షమించాలి," అంది మిసెస్ పెటిగ్రూ. ఆ ఒక్క మాటలో ఎంత కోపం ఉందంటే చంకలో కుక్క కూడా తల దించుకుంది. "క్యూ చివర అటు."

"లేదండీ, నేను ఈ..."

"మేమంతా ఈ గాలిలో సరదాకి నిలబడ్డామా?" అని ఎర్ర టోపీ ఆయన అందుకున్నాడు. "సిగ్గుండాలి!" అన్నారు ఇంకెవరో, గొంతు పెంచకుండానే.

మీసాలాయన షట్టరుని చూశాడు, తాళాల్ని చూశాడు, క్యూని చూశాడు. మొహం కందగడ్డలా చేసుకుని, "క్షమించండి, చూసుకోలేదు," అని గొణిగి, బస్‌స్టాపు దాటి చివరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఆయన చేతిలో తాళాలున్నాయండీ," అన్నాడు మాల్కమ్ నీరసంగా.

"తాళాలు ఎవరి దగ్గర లేవు? మా ఇంటివి నా దగ్గర లేవూ?"

జల్లు మొదలైంది. ఒక్కరూ కదల్లేదు. పైగా వాన పడ్డా ఇంతమంది నిలబడ్డారంటే లోపల ఏదో గొప్పదే ఉండి ఉంటుందని కొత్తవాళ్ళు వచ్చి చేరారు. ఊరి కౌన్సిల్ వాళ్ళకి కబురందింది కాబోలు, పసుపు జాకెట్టు అమ్మాయి ఒకతె మైకు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"మొదట్లో ఉన్నది మీరేనాండీ? ఎన్నింటికి మొదలవుతుందన్నారు?" అంది రొప్పుతూ.

"నాకేమీ తెలియదమ్మా. నిజంగా తెలియదు."

"చెప్పలేదా? మా ఆఫీసు సంగతి ఇంతేనండీ, నాకూ ఏదీ చెప్పరు," అని ఆ అమ్మాయి కళ్ళనీళ్ళ పర్యంతమై, మైకులో ఊరంతటికీ క్షమాపణ చెప్పింది. జరగబోయే కార్యక్రమం కొంచెం ఆలస్యమవుతుందట. జనం సణుక్కున్నారు. ఆ సణుగుడులో తృప్తే ఎక్కువ వినిపించింది. ఆలస్యమవుతోందంటే కార్యక్రమం ఉన్నట్టే కదా! అప్పటిదాకా పుకారుగా ఉన్నది కౌన్సిల్ నోటి మీదుగా నిజమైపోయింది. మాల్కమ్ వెనక్కి తిరిగి చూశాడు. దూరాన ఆకుపచ్చ కోటు ఒక చుక్కలా కనిపిస్తోంది. ఈ షట్టరు లేచిన మరుక్షణం స్పెయిన్ ఖాయం. ఊరి ముందు పరువు పోతే పోయింది, బెరిల్ మొహం చూడ్డమెలా?

"ఈ షెడ్డు తాళం ఎవరి దగ్గరుందో దయచేసి చెప్పండి!" అంది అమ్మాయి మైకులో.

చాలా దూరాన ఒక చేయి బెరుకుగా పైకి లేచింది.

"నా దగ్గరుందండీ," అని మీసాలాయన కేక వేశాడు. "కానీ నా ముందు చాలామంది ఉన్నారు!"

అతన్ని ముందుకి పంపడానికి అందరి ఒప్పుకోలూ తీసుకోవలసి వచ్చింది. ఒక్కొక్కరికీ విడివిడిగా క్షమాపణ చెప్పుకుంటూ, తడుస్తూ వచ్చి, షట్టరు ఎత్తాడు. లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన చారల గుడ్డ మడత కుర్చీలు. వేసవిలో ఒడ్డు మీద అద్దెకిచ్చేవి. వాటి ముందు ఓ రంగు డబ్బా, ఓ బ్రష్షు. అంతే.

ఇప్పుడు చెప్పేయాలనుకున్నాడు మాల్కమ్. అందరివైపూ తిరిగి నోరు తెరిచాడు. ఎర్రబడ్డ ముక్కులు, కారుతున్న టోపీలు, ఎదురుచూసే కళ్ళు. మళ్ళీ షెడ్డుకేసి తిరిగి నిలబడ్డాడు. మీసాలాయన పరిస్థితి అంతకంటే అన్యాయం. రంగు వేసుకుందామని వచ్చిన మనిషి, ఇంత జనాన్ని చూసి ఏం చెయ్యాలో తోచక, అలవాటైన మాట అనేశాడు.

"ఒకటా, రెండా?"

"రెండు," అన్నాడు మాల్కమ్.

ఊపిరి బిగబట్టి వెనక్కి చూశాడు. మిసెస్ పెటిగ్రూ కుర్చీల్ని కొంతసేపు పరిశీలించింది. తరువాత చేతిసంచీలో పర్సు తీసింది. "నాకొకటి చాలు. కుక్క ఒళ్ళో కూర్చుంటుంది." గొడుగు జంట రెండు తీసుకుంది. పిల్లల తల్లి మూడు. నిరాశపడ్డామని ఒక్కరు కూడా అనలేదు. అంటే ఇంతసేపూ ఉత్తినే నిలబడ్డట్టవుతుంది. చూస్తుండగానే ఒడ్డు పొడుగునా అక్టోబరు వానలో మడత కుర్చీలు బారులు తీరాయి. ఒళ్ళో చిప్స్ పొట్లాలు, నెత్తిన గొడుగులు. పోటు మీదున్న సముద్రం గోడని గుద్ది ఇంతెత్తున లేచి మీద పడితే, అందరూ ఒక్క గొంతుతో "అబ్బ!" అన్నారు.

"ఇందుకన్నమాట," అన్నాడు ఎర్ర టోపీ ఆయన. చుట్టూ ఉన్నవాళ్ళు తమకు మొదటినుంచీ తెలిసినట్టే తలలూపారు.

తన వంతు వచ్చేదాకా ఆగి, అప్పుడు బెరిల్ వచ్చి మాల్కమ్ పక్క కుర్చీలో కూర్చుంది. కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మాల్కమ్ ఇంక ఆపుకోలేకపోయాడు.

"బెరిల్, ఇక్కడ ఏమీ లేదు. మొదటినుంచీ లేదు. నేను టీ తాగుదామని నిలబడ్డానంతే. వెనక ఎవరో చేరారు. చెప్పే ధైర్యం లేకపోయింది. స్పెయినే వెళదాంలే."

"తెలుసు," అంది బెరిల్.

"ఏం తెలుసు?"

"కుర్చీలాయన నా వెనకేగా నిలబడ్డాడు! లోపల తన కుర్చీలు తప్ప ఏమీ లేవని చెప్పాడు పాపం."

"మరి తెలిసీ ఇంతసేపు వానలో ఎందుకు నిలబడ్డారు మీరిద్దరూ?"

"ఆయన చోటు పోతుందని నిలబడ్డాడు." బెరిల్ అతని పొట్లంలోంచి ఒక చిప్ తీసుకుంది. "నా సంగతంటావా, పెళ్ళయిన దగ్గర్నుంచీ నువ్వు దేంట్లోనైనా ముందుండగా చూశానా? బస్సులో ఆఖరు, బ్యాంకులో ఆఖరు, మా నాన్న దగ్గరికి పిల్లనడగడానికి వచ్చినప్పుడు కూడా ఎవరో సేల్స్‌మన్ వెనక నిలబడ్డావు. ఇవాళ ఊరు ఊరంతా నీ వెనక నిలబడింది. అది చూద్దామని నిలబడ్డాను."

మాల్కమ్ సముద్రంకేసి చూస్తూ ఆవిడ చేతిని వెతికి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో అతను అంత సంతోషపడ్డ రోజు మరొకటి లేదు.

"స్పెయినూ లేదు, గియినూ లేదు," అంది బెరిల్. "వచ్చే ఏడూ ఇక్కడికే. ఆ పై ఏడూ ఇక్కడికే. ఇంకాస్త చలి ముదిరాక వస్తే అలలు ఇంకా బాగుంటాయట, కుర్చీలాయన చెప్పాడు."

అంతలో ఓ పెద్ద అల గోడ దాటి వచ్చి మాల్కమ్ మెడ వెనక నుంచి చొక్కాలోకి జారింది. కుర్చీ గుడ్డ ఎప్పుడో నాని ముద్దయింది, కాళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. మాల్కమ్ వరసగా తుమ్మి, స్పెయిన్‌లో ఎండ మరీ అంత ఎక్కువేం ఉండదేమోనని జీవితంలో మొదటిసారి ఆలోచించాడు.