పదికి మూడు మార్కుల ఇల్లు

ఆ శనివారం పొద్దున జయపాల్ అనుకున్న పనులు రెండే. ఒకటి, కిందటి రోజు ఆడి ముగించిన వీడియో గేమును నలుగురిలో కడిగిపారేయడం. రెండు, స్నానం చేసి గద్వాలలో బస్సెక్కి, గోపాల్‌పేటలో అక్కాబావల కొత్తింటి ప్రార్థనకు పాస్టరుగారి కంటే ముందే చేరుకోవడం.

జయపాల్ ఒక పత్తి విత్తనాల గోదాములో గుమస్తా. ఉద్యోగం పోగా మిగిలిన జీవితమంతా టీవీకి తగిలించిన గేమ్ కన్సోల్ ముందు గడుస్తుంది. ఏ కొత్త ఆట వచ్చినా చివరిదాకా ఆడి, పదికి ఇన్ని మార్కులని వాట్సాప్‌లోని స్నేహితుల గ్రూపుకు చెబుతాడు. మార్కుల విషయంలో పిసినారి. కానీ అన్యాయం చేయడని పేరు.

ఈసారి ఆటలో ఒక పెద్ద బంగళా ఉంటుంది. అందులో దారితప్పిన మనిషిని బయటికి తేవాలి. ఏడాదిగా దాని బొమ్మలు చూపించి ఊరించారు. తీరా ఆడితే అంతా తప్పులతడక. జయపాల్‌కు ఒళ్ళు మండిపోయింది. ఆట పేరు స్నేహితుల గ్రూపులో టైపు చేసి, పళ్ళు తోముకొని వచ్చి, ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఫోటోలు జూసి మోసపోయిన. ఎవ్వలు నమ్మి పోకుండ్రి. బయట మెరుపులే, లోపల ఏం లేదు. గోడ మీద చెయ్యి పెడితే చెయ్యి అవుతలికి పోతది. తలుపు తీస్తే మనిషి దాంట్లనే ఇరుక్కుంటడు. మెట్లు యాడికి పోతయో కట్టినోనికే తెల్వదు. ఇగ గా ముసలాయన. దర్వాజ కాడ కూసొని 'బాగున్నవా బిడ్డా' అని ఒక్కటే మాట. ఎన్నిసార్లు పోయినా గదే మాట. ఆయనను తీసేస్తే సగం పీడ పోతది. పదికి మూడు. గా మూడు గూడ చెట్లకు."

మనసు తేలికపడింది. పంపి, ఫోను పక్కన పడేసి స్నానానికి పోయాడు.

అతను పళ్ళు తోముకుంటున్న ఆ కాస్త సమయంలో బావ వినయ్ కుటుంబం గ్రూపులో కొత్తింటి ఫోటోలు పెట్టాడు. దాంతో ఆ గ్రూపు పైకి వచ్చింది. జయపాల్ వేలు పైన ఉన్నదాని మీదే పడింది. గోడలు, తలుపులు, మెట్లు, గడప దగ్గర కుర్చీలో కూర్చున్న బావ తండ్రి లింగయ్య, ఈ ఫోటోలన్నిటి కింద జయపాల్ గొంతు వెళ్ళి కూర్చుంది.

బస్సు ఎర్రవల్లి చౌరస్తా దాటుతుండగా అక్క స్వరూప ఫోను చేసింది.

"ఏందిరా నువ్వు అన్న మాటలు? మీ బావ పదేండ్లు బొంబాయిల పొక్లెయిన్ నడిపి కట్టుకున్న ఇల్లురా ఇది. పదికి మూడా?"

జయపాల్‌కు విషయం అర్థమయ్యేసరికి పక్క సీటులో ఉన్న పెద్దమనిషికి కూడా అర్థమైంది.

"అక్కా, గది మీ ఇల్లు గాదు. ఆట."

"ఆటనా? మా కష్టం నీకు ఆటలెక్క కనబడుతుందా? గా మూడు గూడ చెట్లకిస్తివి. గా చెట్లు పక్కింటోళ్ళయి. అంటే మాకు సున్ననే గద."

లైను తెగిపోయింది. తను మాట్లాడేది ఆటల గురించేనని రుజువు చేయడం ఒక్కటే దారి అనుకున్నాడు జయపాల్. తనకు బాగా నచ్చిన వేరే ఆట మీద ఎప్పుడో రికార్డు చేసిన అభిప్రాయం ఫోనులో ఉంది. రెండూ వింటే పసిపిల్లలకైనా తెలిసిపోతుందని దాన్ని కూడా కుటుంబం గ్రూపుకు పంపాడు. అందులోనూ ఆట పేరు లేదన్న సంగతి అతనికి తట్టలేదు.

"ఇల్లంటే గిట్లుండాలె. చిన్నదే. పైన రేకులే. ముంగట నాలుగు కోళ్ళు. గని ఏది యాడుండాల్నో గాడుంది. ఒక్కసారి లోపలికి పోతే బయటికి రాబుద్ధి కాదు. పెద్ద పెద్ద బంగ్లాలు గట్టెటోళ్ళు దీన్ని జూసి నేర్చుకోవాలె. పదికి తొమ్మిది."

ఉప్పునుంతలలో వినయ్ తమ్ముడి భార్య నవనీత ఉంది. ఆమెది రేకుల ఇల్లు. ముందు కోళ్ళున్నాయి. నిమిషంలో ఆమె నుంచి దండాలు పెట్టే బొమ్మలు వరసగా వచ్చాయి. వాటి కింద, "మా ఇంటి విలువ తెలిసిన మనిషివి నువ్వొక్కనివే అన్నా. అందరికీ వినిపిస్తున్న" అని రాసింది.

స్వరూప మళ్ళీ ఫోను చేయలేదు. దాంతో మరీ భయం వేసింది. ఫోనులో ఇంకో ఆట మీద అటూ ఇటూ కాని ఆరు మార్కుల అభిప్రాయం కూడా ఉంది కానీ, దాన్ని పంపకపోవడానికి సరిపడా తెలివి అప్పటికి వచ్చింది.

గోపాల్‌పేటలో షామియానా కింద జనం కూర్చొని ఉన్నారు. బగారా అన్నం వాసన వస్తోంది. గడప దగ్గర లింగయ్య మూతి బిగించుకొని ఉన్నాడు. వచ్చినవాళ్ళకు తల మాత్రం ఊపుతున్నాడు.

"బాగున్నవా మామా?" అన్నాడు జయపాల్.

లింగయ్య అటువైపు తిరిగి కూర్చున్నాడు.

వినయ్ వచ్చి మాటామంతీ లేకుండా జయపాల్ చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయి గోడకు ఆనించాడు.

"పోయిందా అవుతలికి?"

"పోలే బావా."

"గట్టిగ నూకు. ఇప్పుడు?"

"పోలే."

ఇల్లు కట్టిన సుతారి మల్లేష్ తాపీ చేతిలోనే పట్టుకొని వచ్చాడు. వినయ్ ఆ మాటలను అప్పటికే అతనికీ పంపాడు. "నా చేతి పనికి గిన్ని పేర్లు వెడితివి. మెట్లు యాడికి పోతయో నాకు తెల్వదా? మిద్దె మీదికి పోతయ్. ఇంకేడికి పోతయ్?"

జయపాల్ ఫోను తీసి ఆట వీడియో పెట్టాడు. సిగ్నలు సరిగా లేక మొదటి బొమ్మ దగ్గరే ఆగిపోయింది. ఆ బొమ్మలో ఒక బంగళా ఉంది. దానికీ వినయ్ ఇంటికి వేసిన పిస్తా రంగే ఉంది. గడప దగ్గర కుర్చీలో ఒక ముసలాయన కూడా ఉన్నాడు.

వినయ్ చాలాసేపు చూశాడు. "మా నాయిన బొమ్మ గూడ గీయించినవా?"

జయపాల్ ఓపిక అక్కడ తెగిపోయింది. "బావా, మోసపోయింది నేను. ఆట పేరు జెప్పి చెత్త అంటగట్టిండ్రు. గా కోపంల అన్న మాటలు గవి. ఆఖరుదాక ఆడకుండ నేను దేని మీదా ఒక్క మాట అనను. మీ ఇల్లు నేనింక చూడనే లేదు."

"చూడకుండనే గిన్ని మాటలా?" అన్నాడు మల్లేష్. "మాటలు గాదు తమ్మీ, చూపిస్త రా." అతను పడకగదిలోకి పోయి, అందరూ చూస్తుండగా తలుపు ధడేలుమని వేశాడు. "విన్నవా? గది తలుపంటే."

ఆ తర్వాత గడియ కదిలిన చప్పుడు వినిపించింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. కొంచెంసేపటికి లోపలి నుంచి మల్లేష్ గొంతు మెల్లగా వచ్చింది. "వినయ్, జర బయటికెల్లి నూకు."

వినయ్ నూకాడు. రాలేదు. ఇద్దరు ముగ్గురు కలిసి భుజాలు ఆనించారు. తలుపుకు బదులు గుమ్మమే కదిలింది. పక్కనున్న గోడ సిమెంటు పెచ్చు లేచి కిందపడింది. ఊతం కోసం వినయ్ అక్కడ పెట్టిన చెయ్యి మోచేతిదాకా అవతలికి పోయింది.

"నా భుజం వదులు," అన్నాడు లోపలి నుంచి మల్లేష్.

పాస్టరుగారు బైబిలు మూసి వచ్చి చూశారు. కిటికీలకు గ్రిల్లులు ఉండడంతో గుమ్మం ఊడదీసి మల్లేష్‌ను బయటికి తెచ్చారు. తల నుంచి కాలిదాకా సిమెంటు బూడిదతో నిలబడి, అతను జయపాల్‌కు చేతులు జోడించాడు. "తమ్మి చెప్పింది నిజమే. తలుపు కట్టె పచ్చిగ ఉండె. గోడను పని నేర్చుకునే పిలగాండ్లకు ఇడిసిపెట్టిన. ఒక్క పైస దీసుకోకుండ మల్ల కడత."

"నేను జెప్పింది మీ గోడ గురించి గాదు," అన్నాడు జయపాల్.

"ముందుగాల నాకొక్కనికి చెప్తే అయిపోతుండె గద," అన్నాడు వినయ్ గద్గదంగా, బావమరిదిని కౌగిలించుకొని. స్వరూప తమ్ముడి పళ్ళెంలో మటన్ కూరలోని మూలుగ బొక్కలు ఏరి ఏరి వేసింది. గ్రూపులో నవనీత తన ఇంటికి వచ్చిన తొమ్మిదిని మళ్ళీ గుర్తుచేసింది. ఆటలో ఏముందో వినడానికి మాత్రం ఒక్కరూ ఆగలేదు.

లింగయ్య ఇంకా అలాగే ఉన్నాడు. జయపాల్ పళ్ళెం పట్టుకొని వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"గోడది నిజమైనంక నాది గూడ నిజమే అయ్యుంటది," అన్నాడు లింగయ్య నేల చూస్తూ. "ఒక్కటే మాట అంటనట గద. ఇంకో మాట నాకు రాదు బిడ్డా."

జయపాల్ పళ్ళెం కింద పెట్టాడు. "మామా, పొద్దటిసంది నన్ను ఎవ్వలు బాగున్నవా అని అడగలే. నువ్వన్న అడుగు."

లింగయ్య అతని వైపు తిరిగి చూశాడు. "బాగున్నవా బిడ్డా?"

"లేను మామా," అని జయపాల్ బంగళా ఆట కథ మొత్తం చెప్పాడు. లింగయ్య ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా విన్నాడు.

భోజనాలయ్యాక ఊరివాళ్ళు జయపాల్‌ను పట్టుకున్నారు. అదే వీధిలో ఎవరిదో సగం లేచిన ఇల్లు ఉంది. ఫోటో చూసే లోపలి తప్పులు చెప్పగలిగినవాడు కళ్ళారా చూస్తే ఇంకెంత చెబుతాడో అని వాళ్ళ ఆశ. తనకు ఇండ్ల గురించి ఏమీ తెలియదని అతను మొత్తుకున్నాడు. పెద్ద పనివాళ్ళు అలాగే అంటారని వాళ్ళు నవ్వి తీసుకుపోయారు. చివరి బస్సు వేళ మించిపోతుండడంతో జయపాల్ ఇటుకల మీద వేలితో కొట్టి, చెవి ఆనించి, కొంచెంసేపు కళ్ళు మూసుకొని, "పర్వాలేదు, గని నీళ్ళు బాగ కొట్టుండ్రి," అన్నాడు.

జీవితంలో తనకు బొత్తిగా తెలియని విషయం మీద అతను చెప్పిన అభిప్రాయం అదొక్కటే, కాదన్నవాళ్ళు లేని అభిప్రాయం కూడా అదొక్కటే.